చిలుము అంటించేది నేనే

మా ఇంట్లో చిలుము తాగేది బాపు. అంటించేది నేను. ఈ రెండూ వేరువేరు పనులని చాలా ఏండ్లు గట్టిగా నమ్మాను. ఎవరైనా అడిగితే మా ఇంట్లో బాపు ఒక్కడే తాగుతాడని చెప్పేదాన్ని. అదీ మూతి ముడిచి, ఆ అలవాటుతో నాకేమీ సంబంధం లేనట్టు చెప్పేదాన్ని.

మాది కేతేపల్లి పక్కన ఊరు. నాకు అన్నదమ్ములు లేరు. అందుకని పెండ్లయినాక కూడా పుట్టింట్లోనే ఉన్నాను, నా పెనిమిటే ఇల్లరికం వచ్చాడు. ఆయన నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌లో పని చేస్తాడు. పొద్దున్నే పోతాడు, పొద్దూకినాక వస్తాడు. చాయ తప్ప ఏ అలవాటూ లేని మనిషి. కాబట్టి పొద్దంతా ఇంట్లో నేనూ బాపూ, మా మధ్య ఆ చిలుమూ.

చిలుమంటే పెద్ద సామానేమీ కాదు. పైన వెడల్పుగా కింద సన్నగా ఉండే మట్టి గొట్టం. లోపల చిన్న గులకరాయి వేస్తారు, తంబాకు నోట్లోకి జారకుండా. పైన తంబాకు నలిపి నింపి, దాని మీద నిప్పుకణిక పెడతారు. అంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. నిప్పు కిందికి దిగి తంబాకు రాజుకోవాలంటే గట్టిగా దమ్ములు గుంజాలి. మొదట్లో పొగ రాదు, ఉత్త ఘాటు వస్తుంది, ముక్కులోంచి కళ్లలోంచి నీళ్లు కారతాయి. తెల్లటి పొగ లేచినాక, శుభ్రమైన గుడ్డపేలిక తడిపి గొట్టం కింది మూతికి చుట్టి, అప్పుడు మగవాళ్ల చేతికివ్వాలి. ముందే చుడితే దమ్ము బిగుసుకుపోయి నిప్పు రాజుకోదు. అదీగాక ఆ గుడ్డ ఎంగిలి కోసం. ఆడదాని నోరు తగిలిన చోట మగవాడు నోరు పెట్టకూడదని మా ఇండ్లల్లో పట్టింపు.

పొయ్యి ఆడవాళ్ల చేతిలో ఉంటుంది కనుక నిప్పూ వాళ్ల చేతిలోనే, అంటించే పనీ వాళ్లదే. మా అవ్వ తాతకు అంటించింది. అమ్మ బాపుకు అంటించింది. తెలంగాణ వచ్చిన ఏడే అమ్మ పోయింది. చెరువు చేప తిన్నప్పుడు గొంతులో ముల్లు ఇరుక్కుందని, అది దిగక పోయిందని ఊరంతా అంది. అన్నం ముద్దలు మింగించాం, మంత్రం వేయించాం. ఆఖరుకు అంబలి కూడా దిగలేదు. అమ్మ దినాలు కాకముందే ఒక పొద్దున బాపు అలవాటు కొద్దీ నీళ్ల పొయ్యి వైపు చెయ్యి చాపి, అక్కడ అమ్మ లేదని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి పోయి నేనే అంటించి ఇచ్చాను. అప్పటినుంచి ఆ పని నాకు వచ్చింది.

అప్పటికే బాపు చేతులు వణికేవి. సొంతంగా కణిక పెట్టుకోబోతే పంచె మీద పడేది. ఆయన పంచెలన్నిటికీ తొడల దగ్గర కాలిన రంధ్రాలే. మా వంట గ్యాసు మీదికి మారినా, పెరట్లో నీళ్ల పొయ్యి తీసేయలేదు. స్నానానికని పేరు, నిజానికి చిలుముకే.

మొదట్లో నాకు వాంతి వచ్చేది. తర్వాత్తర్వాత అలవాటైంది. పొద్దున బాపు లేచి గొంతు సవరించుకునేలోపే నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. "ఇంక గాలేదా బిడ్డా" అని అరుగు మీంచి అడిగేవాడు. రాజుకోలేదు బాపూ అనేదాన్ని. రాజుకునే ఉండేది.

అంటిస్తూనే తిట్టేదాన్ని కూడా. నాకు ఫికరు ఎక్కువ, పుట్టుకతోనే వచ్చింది. ఎవరికి దగ్గు వచ్చినా క్షయేమో అనుకుంటాను, ఫోను మోగితే చావు కబురేమో అనుకుంటాను. ఫోనులో పొగతాగేవాళ్ల నోళ్లు చూపించే వీడియోలు వచ్చినప్పటినుంచీ నా ప్రాణం కుదురుగా లేదు. బాపూ, అది మానెయ్, నోరు పుచ్చిపోతుందట అని పోరేదాన్ని. బాపు దగ్గర అన్నిటికీ జవాబుండేది. బీడీ తాగేవాడు దగ్గుతాడు, చుట్ట తాగేవాడి పండ్లు పోతాయి, చిలుముకు మాత్రం తడిగుడ్డ ఉంటుంది, విషమంతా గుడ్డకే పోతుందనేవాడు. ఊరికే అనడం కాదు, గుడ్డ విప్పి, దాని మీద పట్టిన గోధుమరంగు జిగటను నాకు సాక్ష్యంగా చూపించేవాడు. గుడ్డకే ఇంత పడితే దాటిపోయింది ఎంతుంటుందో అని నేను. దాటిపోయేదైతే గుడ్డకెందుకు పడుతుందని ఆయన. ఆ ముచ్చట గానుగెద్దు లెక్క అక్కడక్కడే తిరిగేది.

ఇంకా పోరితే తాతను తెచ్చేవాడు. తాత తన వయసు తానే మరిచిపోయేదాకా చిలుము తాగుతూ బతికాడట. పక్కింటాయన చాయ కూడా ముట్టకుండా, నడి వయసులో చేనుగట్టు మీద గుండె ఆగి పోయాడట. బాపు లెక్కలో బతికినవాళ్లే సాక్షులు, తాగి పోయినవాళ్లను ఆయనెప్పుడూ పిలవలేదు. నాకు ఆ లెక్కలో ఏదో తప్పుందని అనిపించేది, కానీ పట్టుకుని చూపించలేకపోయేదాన్ని. ఏదో ఒకటి అయ్యేదాకా పోరు పెడుతూ, అంటిస్తూ ఉండిపోయాను.

కరోనా తగ్గిన ఒకటి రెండేండ్లకు, ఒక రోజు బాపు తొక్కు పచ్చడి పక్కకు నెట్టి ఉత్త మజ్జిగన్నం తిన్నాడు. టమాట తొక్కు లేకపోతే ముద్ద దిగని మనిషి. మరునాడూ అంతే. ఏమైంది బాపూ అంటే, కారం జర మండుతుందన్నాడు. నేను ఫోను లైటు వేసి నోరు తెరిపించాను. బుగ్గ లోపల, మజ్జిగ అంటుకున్నట్టు తెల్లటి మచ్చ. వేలితో తుడిచాను, పోలేదు. అమ్మ పోయిన ఇంట్లో బాపు కూడా పోతాడని, అదీ నా చేతుల మీదుగానే పోతాడని ఒకటే గుబులు. ఆయనను అరుగు మీదికి పంపించేసి పెరట్లో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటే నాలుక ఊరికే నా కింది పెదవి లోపలికి పోయింది. అక్కడ గరుకుగా తగిలే చోటొకటి చాలా రోజులనుంచీ ఉంది. పన్ను గీరుకుందనుకుని వదిలేశాను. గుమ్మడికాయల దొంగ అంటే నేనెందుకు భుజాలు తడుముకోవాలని నన్ను నేనే కసురుకుని లేచాను.

నా బిడ్డ మహబూబ్‌నగర్‌లో నర్సు చదువు చదువుతోంది. ఫోను చేసి చెబితే, ఊళ్లో వాళ్లకూ వీళ్లకూ చూపించొద్దు, తాతను వెంటనే తన దగ్గరికి తీసుకురమ్మంది. బాపు రానన్నాడు. రాకపోతే నేను అన్నం ముట్టనన్నాను. ఆయన నా మొండితనాన్ని ఎరుగును, అది ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

నకిరేకల్‌లో బస్సెక్కి నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్, మా మాటలో పాలమూరు, పోవాలి. బయలుదేరేటప్పుడు చిలుమును, తంబాకును తువ్వాలలో చుట్టి సంచి అడుగున పెట్టాను. పెండ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టని నా పెనిమిటి నవ్వాడు. బాపు ఆగలేడు, ముసలి ప్రాణం అన్నాను. బాపేమో దేవరకొండ దాటకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నాకు మాత్రం తల పగిలిపోయింది. బస్సు పడలేదనుకున్నాను. పక్క సీటు పిల్ల ఏడిస్తే నోరు మూయించమని ఆ తల్లి మీద విరుచుకుపడ్డాను, తర్వాత సిగ్గేసింది.

దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసుదే, ఓపిక గల మనిషి. బాపు నోరంతా చూసింది. మచ్చ దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చేదాకా దగ్గరే ఉండమంది. ఏది వచ్చినా సరే, చిలుము మాత్రం ఇవ్వాళ్టినుంచే బందు అంది. బాపు తడిగుడ్డ సంగతి ఎత్తాడు. నేను తల దించుకున్నాను, ఆమె నవ్వుతుందేమోనని. ఆమె నవ్వలేదు. గుడ్డకు అంత బలం లేదని, పొగలోని చెడు కంటికి కనిపించేంత పెద్దది కాదని, చిలుమైనా చుట్టైనా బీడీ అయినా నోటికి ఒకటేనని చెప్పింది. ఒకసారి పట్టుకుంటే మనిషి దాన్ని తాగడం లేదనీ, అదే మనిషిని నడిపిస్తుందనీ కూడా అంది. ఆ మాటకు బాపు వైపు కోపంగా చూశాను, విన్నావా అన్నట్టు.

బిడ్డ కిరాయికి ఉండే అర్రలో మకాం పెట్టాం. సంచి అడుగున చిలుము కనిపించగానే బిడ్డ దాన్ని తీసుకుపోయి పక్కర్రలో ఉండే స్నేహితురాలి పెట్టెలో పెట్టి తాళం వేయించింది. తాతకు వద్దంటే నువ్వెందుకు తెచ్చావని నన్నే కోప్పడింది.

ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. బాపు ఒకటి రెండు రోజులు చిరాకు పడ్డాడు, చేతులు నలుపుకున్నాడు, సోంపు నమిలాడు. ఆ తర్వాత ఇంటి ఓనరుతో అరుగు మీద కూర్చుని పాలమూరు వానల సంగతీ మా దిక్కు వానల సంగతీ మాట్లాడడం మొదలుపెట్టాడు. నేనే మనిషిని కాకుండా పోయాను. పొద్దున లేవగానే పొయ్యి కోసం కండ్లు వెతికేవి. అన్నం మాడబెట్టాను. బిడ్డ ఫోను మోగితే గుండె ఆగేది, మోగకపోతే ఇంకా భయమేసేది. ఉత్త పుణ్యానికి బిడ్డతో జగడం పెట్టుకుని, దాని చదువును తిట్టి, తర్వాత దాని పక్కన కూర్చుని ఏడ్చాను. ఇదంతా బాపు పరీక్ష గురించిన ఫికరే అనుకున్నాను. అందరూ అట్లే అనుకున్నారు. కన్నతండ్రి కదా, బెంగ ఉండదా అని ఓనరు భార్య నాకు చాయ చేసి ఇచ్చింది.

ఒక సాయంత్రం బాపూ నేనూ అరటిపండ్లకని బస్టాండు దిక్కు పోయాం. చాయ హోటలు ముందు ఒకాయన బీడీ ముట్టించుకున్నాడు. బాపు చూడనైనా చూడకుండా ముందుకు నడిచాడు. నేను ఆగిపోయాను. ఆగినట్టు నాకు తెలియదు. ఆ మనిషి వెనుక, ఆయన వదిలిన పొగ వచ్చే దిక్కులో నిలబడి, కండ్లు మూసుకుని, గుండె నిండా పీల్చుకుంటున్నాను. అప్పుడు మాత్రం తల నొప్పి లేదు, భయం లేదు, బాపు పరీక్ష కూడా లేదు. కండ్లు తెరిచేసరికి బాపు వెనక్కి వచ్చి నా ఎదురుగా ఉన్నాడు. నన్ను చూశాడు, ఆ బీడీని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"పా బిడ్డా," అన్నాడు. అంతే. నాకు నేలలోకి పోవాలనిపించింది.

అర్రకు వచ్చాం. బిడ్డ ఇంకా రాలేదు. పండ్లు సంచిలోనే ఉన్నాయి. బాపు నా దిక్కు చూడకుండా అడిగాడు.

"పొద్దుగాల ఎంతసేపు గుంజుతవ్ బిడ్డా?"

"అంటుకునేదాక బాపు."

"అంటుకున్నంక?"

నేను సంచిలోంచి పండ్లు తీసి సర్దడం మొదలుపెట్టాను. ఊళ్లో పెరట్లో, పొయ్యి పొగ చాటున, 'ఇంక గాలేదు' అని ఆయనకు చెబుతూ కూర్చున్న పొద్దులన్నీ నా ముందుకు వచ్చి నిలబడ్డాయి. తాగేది బాపు అని, ఇన్నేండ్లు ఎవరికి చెప్పుకున్నాను?

పరీక్ష ఫలితం వచ్చిన రోజు ముగ్గురం పోయాం. దవాఖాన బెంచీ మీద నాకున్న దేవుళ్లందరికీ మొక్కాను. డాక్టరమ్మ కాగితం చూసి, భయపడేది లేదంది. ఇప్పటికి క్యాన్సర్ కాదు, మళ్లీ తాగితే అయ్యే దారిలో ఉంది, మానేస్తే మచ్చ పోవచ్చు, వచ్చి చూపించుకుంటూ ఉండమంది. నా బిడ్డ తాత చెయ్యి పట్టుకుంది. నేను సంతోషంతో లేచి ఆమెకు దండం పెట్టబోయాను. బాపు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"నాది అయిపాయె గద డాక్టరమ్మా," అన్నాడు. "గీ బిడ్డ నోరు గూడ సూడు."

ఆమె నా దిక్కు తిరిగి, మీరు కూడా తాగుతారా అని అడిగింది. లేదు, నేను ఉత్తగ అంటించి ఇస్తానంతే అన్నాను. నోటికి అలవాటైన మాట, దానంతట అదే వచ్చింది.

"తాగుతది," అన్నాడు బాపు. "ముంగటి దమ్ములన్నీ గామెవే. ఘాటంత గా దమ్ములల్లనే ఉంటది. తడిగుడ్డ గూడ నాకిచ్చేటప్పుడే సుడుతది. గామె గుంజేటప్పుడు గుడ్డ ఉండదు."

నా బిడ్డ నన్ను చూస్తున్న చూపు నేను భరించలేకపోయాను. డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుంటూ, ఎన్నాళ్లనుంచి అని అడిగింది. వాళ్లమ్మ పోయినప్పటినుంచి అన్నాడు బాపు, అంతకుముందు వాళ్లమ్మ అంటించేదని. ఆమెకు ఏమైందని అడిగింది డాక్టరమ్మ.

"గొంతుల ముల్లు..." అని మొదలుపెట్టి బాపు ఆగిపోయాడు. అప్పుడు ఆయన ముఖం చూసి నాకు నా నోటి సంగతి కూడా మరుపొచ్చింది. ఆ చేపను బాపే చెరువు దగ్గర కొని తెచ్చాడు. ఇన్నేండ్లూ ఆ చేపనే తిట్టుకున్నాడు, మళ్లీ చేప తినలేదు.

నా కింది పెదవి లోపల గరుకుగా ఉన్న చోట డాక్టరమ్మ లైటు చాలాసేపు ఆగింది. నా దగ్గరా ముక్క తీశారు. దాని ఫలితం వచ్చేదాకా ఈసారి బెంచీ మీద నా జాగాలో బాపు కూర్చున్నాడు. నా దాంట్లో బాపు దానికంటే కాస్త ముదిరిన మార్పు ఉందన్నారు. అయితే ఇంకా జబ్బు కాలేదు, కాకుండా ఉంటుందని మాటివ్వలేం అన్నారు. ఆ మచ్చను తీసేశారు. మళ్లీ వస్తుందేమో చూడడానికి పోయి రావాలి. మానేశానని చెప్పుకోవాలంటే ముందు తాగానని ఒప్పుకోవాలి కదా, నాకు అదే ఎక్కువ కష్టమైంది. నా పెనిమిటి నకిరేకల్ నుంచి రోజూ సోంపు పొట్లం తెస్తున్నాడు. ఎవరి పెరట్లోనైనా పొయ్యి రాజేస్తే నా ముక్కు అటు పోతుంది. ఒక రోజు గెలుస్తాను, ఇంకో రోజు ఏడుస్తాను. దవాఖానకు పోయే తారీఖు దగ్గరపడితే నాలుక పొద్దంతా ఆ చోటే తడుముతూ ఉంటుంది.

ఊరికి రాగానే బాపు చేసిన మొదటి పని, ఓపిక లేకున్నా గడ్డపార తీసుకుని నీళ్ల పొయ్యి రాళ్లు పెకలించడం. నేను చేస్తానంటే దగ్గరికి రానివ్వలేదు. వచ్చేటప్పుడు ఆ పెట్టెలోంచి అడిగి తెచ్చుకున్న చిలుమును మాత్రం పగలగొట్టలేదు, దూలం సందులో పెట్టాడు. అది ఎందుకు ఉంచావు బాపూ అని నేను జగడం పెట్టుకున్నాను కూడా. నా భయం నాది.

పెత్రమాస వచ్చింది. ఆ రోజు మా వైపు పోయిన పెద్దలకు వాళ్లు ఇష్టపడ్డవన్నీ పెడతాం. తాతకు ఎప్పుడూ కల్లూ చిలుమూ. అమ్మకు తమలపాకులు, పసుపు కుంకుమలు, గాజులు, ఆమెకు ఇష్టమైన గారెలు. అన్నీ సర్ది పెడుతుంటే బాపు దూలం సందులోంచి చిలుము తీసి నా ముందు పెట్టాడు. తాతకే అనుకుని తాత విస్తరి దిక్కు జరిపాను.

"ఆయనకు గాదు," అన్నాడు. "మీ అమ్మకు పెట్టు."

"అమ్మ తాగేది గాదు గద బాపు."

"తాగింది బిడ్డా. నాకంటె ఎక్కువ తాగింది. మనమే లెక్కల పట్టలె."

నేను తంబాకు నలిపి నింపాను. వేళ్లకు ఆ వాసన అంటగానే నోట్లో నీళ్లూరాయి. అలవాటు కొద్దీ పట్టుకారు కోసం లేచాను. నిప్పు వద్దన్నాడు బాపు. నా చేతిలోంచి చిలుము తీసుకున్నాడు. కొత్త తెల్లగుడ్డ చింపి, చెంబులో ముంచి పిండి, వణికే వేళ్లతో గొట్టం మూతికి చుట్టడం మొదలుపెట్టాడు. రెండుసార్లు జారిపోయింది. నేను పట్టుకోబోతే వద్దని తల అడ్డంగా ఊపాడు. మూడోసారి గట్టిగా చుట్టి, అంటించని ఆ చిలుమును అమ్మ ఫొటో ముందు పెట్టాడు.